నల్లబడే దాకా

పొర నల్లబడితేనే పని మొదలు.
ఈ మాట చెబితే మా పెద్దక్క ఇప్పటికీ నవ్వుతుంది:
"తెల్లబడే క్రీములు డజన్ల లెక్కన అమ్ముడుపోయే ఊళ్ళో
నలుపు కోసం కాచుక్కూచునే ఆడది నువ్వొక్కతివే ఎస్తేరూ."

బ్రాడీపేటలో, రైలుపట్టాలకు నాలుగిళ్ళ ఇవతల,
కాలేజీ మేడ కింద పాత సైకిల్ స్టాండు గది నా లేబరేటరీ.
డబ్బు లేదు. కడపబండ ఉంది.
దాని కింద సగం గాలి కొట్టిన స్కూటర్ ట్యూబులు పరిచాం.
కోళ్ళగూటి వల తెచ్చి చుట్టూ పంజరం కట్టి
ఊరి కరెంటు గోల లోపలికి రాకుండా
నేలలోకి తీగ దించాడు మస్తాన్‌వలి.
రిజిస్టరులో అతను అటెండరు.

పచ్చసొనను ఎసిటోన్‌తో కడిగి, మళ్ళీ కడిగి,
మిగిలిన జిడ్డులోంచి మాక్కావలసిన కొవ్వు తీసేవాళ్ళం.
తెల్లసొన అతనింటికి పోయేది, పిల్లల అట్లలోకి.
టెఫ్లాన్ గిన్నెకు కాల్చిన సూదితో బెజ్జం,
ఆవగింజ పడితే ఇరుక్కునేంత.
ఇటు ఉప్పునీళ్ళు, అటు ఉప్పునీళ్ళు.
మూడు వెంట్రుకల కుంచెతో ఆ బెజ్జానికి కొవ్వు పూయాలి,
ఊపిరి బిగబట్టి.

ముందు బూడిదరంగు.
ఆపైన పావురం మెడ మీది రంగులన్నీ
ఒకదాన్నొకటి తరుముకుంటాయి.
అప్పుడు అంచున ఎక్కడో ఒక నల్లచుక్క,
చూస్తూండగానే పాకి మొత్తం కమ్మేస్తుంది.
కాటుక కాదది, చీకటీ కాదు.
పడ్డ వెలుగు తిరిగి రావడానికైనా చాలనంత పలచన.
తలవెంట్రుక మందంలో అలాంటి పొరలు పదిహేను వేలు పడతాయి.
సరిగ్గా అప్పుడే
తెనాలి వైపు గూడ్సు.
చప్పుడేమీ ఉండదు. పొర ఉండదు, అంతే.

ఏడేళ్ళు.
స్టేషన్‌మాస్టరు కన్నా మాకే బాగా తెలిసేవి బండ్ల వేళలు.
రాత్రి ఒకటీ పదికీ రెండున్నరకీ నడుమ
గుంటూరు నేల కాస్త కునుకు తీస్తుంది.
ఫిబ్రవరి వస్తే అదీ లేదు, యార్డుకు మిరప లారీలు.

లాలాపేటలో అతని బావమరిది కొట్టు నుంచి
కోసిన గంటలోపే మేకగుండె వచ్చేది,
టిఫిన్ క్యారియర్లో ఐసుముక్కల మధ్య.
ఆ గుండె కణాల్లో, మైటోకాండ్రియా పైపొరలో
ఒక ప్రోటీన్ ఉంది, తలుపు లాంటిది.
దాన్ని ఊడబెరికి, మేం పూసిన పొరలో నిలబెట్టాలి.

అది శ్రావణమాసం, ముసురు. రెండు కావస్తోంది.
పెన్ను కాగితం మీద చదునుగా గీసుకుపోతోంది
ఎప్పట్లాగే, ఏమీ లేదు ఏమీ లేదు అంటూ.
ఉన్నట్టుండి ఒక మెట్టు ఎక్కింది.
ఎక్కి, నిలబడింది.
ఒక్క తలుపు. ఒకే ఒక్కటి.
వోల్టేజి పెంచితే మూసుకుంది,
తగ్గిస్తే మళ్ళీ తెరుచుకుంది.
"మెట్లు మేడమ్" అన్నాడతను, రహస్యం చెప్పినట్టు.
నేను పక్కకు తిరిగాను
నా ఉప్పునీళ్ళు గిన్నెలో పడకుండా.

పదకొండు పేపర్లు వచ్చాయి.
అన్నింటి చివరా చీమతలకాయంత అక్షరాల్లో
అతనికి కృతజ్ఞతలు.
పదిసార్లు పూస్తే నా చేతిలో ఒకసారి నల్లబడేది పొర,
అతని చేతిలో ఆరుసార్లు.
ఇది నేనెక్కడా రాయలేదు.
ఇప్పుడు రాస్తున్నాను.

తర్వాత ఎవరో, పెద్ద యంత్రాలున్న చోట,
ఆ తలుపును అణువణువూ బొమ్మ గీసి చూపించారు.
రెండ్రోజులు అన్నం సయించలేదు నాకు.
మూడో రోజు పప్పుచారుతో తిన్నాను.
వాళ్ళకు తలుపు బొమ్మ దొరికింది సరే,
అది కిర్రుమన్న రాత్రి మాది.

మొన్న ఆదివారం, చర్చి నుంచి వస్తూ
రైలుకట్ట పక్క అతనింటికి వెళ్ళాను.
చెయ్యి వణుకుతోంది. చాయ్ సాసర్లోకి ఒలికింది.
ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగాడు:
"ఇంతకీ మేడమ్, అదెందుకు మూసుకుంటుందీ?"
ప్రోటీన్ గోడలో విద్యుదావేశాలు ఉంటాయి వలీ, అని మొదలెట్టి
ఆగిపోయాను.
"తెలీదు" అన్నాను.
"మూసుకోకపోతే తలుపెందుకు లెండి,
గోడకు కన్నం చాలదూ" అన్నాడు, సాసరు ఎత్తి తాగుతూ.

గూడ్సు వచ్చింది.
అలమారలో గాజుగ్లాసులు గణగణలాడాయి.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం
అది దాటిపోయే దాకా.